లింగంపల్లి దగ్గర ఉరికొచ్చిన చెట్టు

ఆ వారం హైటెక్ సిటీకి చెట్లు వచ్చాయి. విత్తనాలుగా రాలేదు, మొక్కలుగా రాలేదు. పెళ్లికొచ్చిన చుట్టాల్లా లారీలు దిగి, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాయి. విదేశం నుంచి ఒక పెద్ద అతిథి వస్తున్నాడు. కొత్తగా లేచిన అద్దాల భవనాన్ని చూస్తాడు. దారిలో ఆయనకి రాళ్లు కనిపించకూడదని పైన ఎవరికో అనిపించింది. ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చి యుగాలుగా నిద్రపోతున్న ఆ రాళ్ల ముందు, రోడ్డుకి రెండు వైపులా, ఆకుపచ్చ తెర లేచింది. అవి ఈతచెట్టుకి కాన్వెంటు చదువు చెప్పించినట్టుండే చెట్లు. మొండెం నున్నగా ఉంటుంది, నెత్తిన జుట్టు దువ్వినట్టుంటుంది. వేళ్లు మాత్రం గోనె సంచుల్లో ఉన్నాయి. సంచుల మీద ఎర్రమట్టి పోశారు, మట్టి మీద గడ్డిని చాపలా పరిచారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. దాని కింద ‘నాటిన చెట్లు’ అని అచ్చయింది. అచ్చయ్యాక ఏ చెట్టయినా నాటుకున్నట్టే.

అతిథి వచ్చాడు, చూశాడు, చెయ్యి ఊపాడు, వెళ్లిపోయాడు. తర్వాత చెట్లు కూడా వెళ్లిపోయాయి.

వెళ్తూ వెళ్తూ వాటిలో ఒకటి ఐలయ్యని గుద్దింది.

ఐలయ్యకి యాభై దాటాయి. అద్దాల భవనం లేచిన గుట్టల్లోనే అతని తండ్రి మేకలు మేపేవాడు. ఐలయ్య బాల్యమంతా అక్కడే గడిచింది. సీతాఫలం పొదలు, ఎండలో తల ఊపే తొండలు, వానపడ్డాక రాతి గుంటల్లో నిలిచిపోయే ఆకాశం, అంతే అతని చిన్నతనం. తర్వాత ఆ నేల అమ్ముడుపోయింది. అమ్మినవాడు బాగుపడలేదు, కొన్నవాడి సంగతి తెలియదు. మధ్యలో తెల్లచొక్కా వేసుకుని తిరిగిన మనిషి మాత్రం మేడ కట్టాడు. ఐలయ్య నల్లగండ్లకి మారి ఎడ్లబండి నుంచి ట్రాక్టరుకి, ట్రాక్టరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అంబాసిడర్‌కి వచ్చాడు. మేకలు నడిచిన దారినే ఇంజనీర్లని తీసుకెళ్లేవాడు. మేకలైతే కనీసం చుట్టూ చూసేవని అనేవాడు.

అతనికి కల్లు అలవాటుండేది. కల్లు కాంపౌండు నుంచి వచ్చాక కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, ఏడ్చేవాడు కాదు. కథలు చెప్పేవాడు. లింగంపల్లి స్టేషన్లో చందమామ టికెట్టు లేకుండా రైలెక్కితే టీసీ దింపేశాడని ఒకసారి చెప్పాడు. గుట్ట మీది రాతిగుండు తనని బీడీ అడిగిందనీ, ఒక దమ్ము లాగి దగ్గిందనీ ఇంకోసారి చెప్పాడు. నల్లగండ్ల అంతా నవ్వేది. ఇంకోచోట పుట్టి ఇవే మాటలు అచ్చువేయించి ఉంటే శాలువా కప్పేవాళ్లు. నల్లగండ్లలో చెప్పాడు కాబట్టి తాగుబోతన్నారు. నవ్వనిది ఒక్క రుక్కమ్మే. కథ విన్నవాళ్లు ఇళ్లకి పోతారు, చెప్పినవాడిని ఎత్తుకెళ్లి పడుకోబెట్టాల్సింది పెళ్లామే కదా.

బోనాల నాడు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు, ఇక ముట్టనని.

"మల్ల తాగితివా, జీడిమెట్ల పోత. మా చెల్లె చంద్రమ్మ ఇంట్ల ఉంట. పిలువనీకి కూడ రాకు," అంది రుక్కమ్మ.

ఆ రోజు నుంచి ఐలయ్య చుక్క ముట్టలేదు. చందమామ మళ్లీ రైలెక్కలేదు, గుండు మళ్లీ బీడీ అడగలేదు. ఇంట్లో సుఖంగా ఉంది, కొంచెం చప్పగా ఉంది.

ఇంతలో అతిథి వచ్చి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఐలయ్య ఖాళీ కారుతో పాత బొంబాయి రోడ్డు మీద బీహెచ్ఈఎల్ వైపు వెళ్తున్నాడు. కంపెనీ మేనేజర్ రవికిరణ్ అత్తమామల్ని ఎక్కించుకు రావాలి. లింగంపల్లి దాటాక ముందొక లారీ కనిపించింది. నిండా చెట్లే. అద్దె తీరి నర్సరీకి తిరిగి వెళ్తున్నాయి. వాటిని పడుకోబెట్టి తాళ్లతో కట్టారు. ఆకులు వెనక్కి వేలాడి రోడ్డును ఊడుస్తున్నాయి. నంబరు ప్లేటు ఆ ఆకుల చాటున ఎక్కడో తలదాచుకుంది. ఒక తోట మొత్తం వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తూ ఊరేగుతున్నట్టుంది. ఐలయ్యకి ముచ్చటేసింది. హారన్ కొట్టకుండా కాసేపు దాని వెనకే నడిపాడు. అందం చూస్తూ బండి నడిపేవాళ్లకి ఆ రోడ్డు మీద జరిగేదే అతనికీ జరిగింది.

లారీ గుంతలో పడి లేచింది. తాడు తెగింది. పైనున్న చెట్టు జారి, రోడ్డుని తాకి, వేళ్ల మూటతో సహా పల్టీ కొట్టి, నేరుగా అంబాసిడర్ మీదికి వచ్చింది. ఐలయ్య బ్రేకు తొక్కాడు. చెట్టు తొక్కలేదు. బానెట్టు మడతపడింది. ముందద్దం ముగ్గుపిండిలా రాలింది. అతని నుదురు స్టీరింగుకి కొట్టుకుంది. కారు రోడ్డు దిగి కంకర కుప్పని ఒరుసుకుంటూ ఆగింది.

లారీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముందు చెట్టు దగ్గరికి.

"మొవ్వు ఇరిగిందా సూడ్రా!"

"ఇరగలే. మంచిగనే ఉన్నది."

అప్పుడు ఒకడు కారులోకి తొంగి చూశాడు. "కాకా, ఏం గాలే గద?"

"నెత్తి పగిలిందిరా."

"చెట్టుకేం గాలే. నసీబు మంచిగున్నది," అని వాడు ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ కలిసి చెట్టుని లారీలోకి ఎత్తి, ఈసారి గట్టిగా కట్టి, వెళ్లిపోయారు. రోడ్డు మీద కాస్త ఎర్రమట్టి మిగిలింది. దాన్ని కూడా తర్వాతి బస్సు తొక్కి తీసుకుపోయింది.

దవాఖానలో నర్సు గాయం కడిగింది. చెయ్యి పెద్దది ఆమెది. స్పిరిటు నుదుటి మీంచి చెంప మీదికి, చెంప మీంచి చొక్కా మీదికి కారింది. నుదుటికి కుట్లు వేసి, మోచేతికి మందు రాసి, తలకి కట్టు కట్టి పంపించారు. పెద్ద దెబ్బలేమీ కావన్నారు. పెద్ద దెబ్బ ఇంట్లో ఉంది.

గడప దగ్గరే రుక్కమ్మ ముక్కు ఎగబీల్చింది.

"తాగినవ్."

"తాగలే. దవాఖాన్ల స్పిరిట్ పోసిండ్రు."

"నెత్తి మీద పోసిండ్రా, నోట్ల పోసిండ్రా?"

"నెత్తి మీదనే. చెట్టు గుద్దింది రుక్కీ."

"నువ్వు పోయి చెట్టును గుద్దినవా?"

"కాదే. నా తొవ్వల నేను పోతున్న. చెట్టే ముందలికెల్లి ఉరికొచ్చి గుద్దింది."

రుక్కమ్మ అతని కట్టు వైపు, తడిసిన చొక్కా వైపు, మళ్లీ కట్టు వైపు చూసింది.

"ఏం చెట్టు?"

ఇక్కడ వేపచెట్టనో చింతచెట్టనో ఒక చిన్న అబద్ధం ఆడి ఉంటే సంసారం ఏమన్నా నిలబడేదేమో. ఐలయ్య నిజమే చెప్పాడు.

"ఈతచెట్టు అసొంటిది."

"గది నిన్ను పెండ్లైన కాడికెల్లి గుద్దుతనే ఉన్నది. నాకెరుక లేదా?"

"నీ మీద ఒట్టు రుక్కీ."

"నా నెత్తి మీద ఒక్కపాలి ఒట్టు పెట్టినవ్. ఇంకో నెత్తి యాడికెల్లి తేవాలె?"

తెల్లారి ఆమె బట్టలు మూట కట్టుకుంది. వాకిట్లో ఆగి, వెనక్కి తిరగకుండానే అంది: "పోలీసోళ్లతోని కాయిదం మీద రాయించుకొని రా. చెట్టు వచ్చి గుద్దిందని రాసి, ముద్ర కొట్టియ్యాలె. గప్పుడు వస్త. లేకుంటే రాను."

ఐలయ్యకి అది న్యాయంగానే తోచింది. జరిగింది రాయడానికే కదా పోలీసులున్నది అనుకున్నాడు. యాభై ఏళ్లు దాటిన మనిషికి అంత అమాయకత్వం ఎక్కడ మిగిలిందో తెలియదు. బహుశా గుట్ట మీద మేకల దగ్గర మిగిలి ఉంటుంది.

రవికిరణ్‌కి కూడా పోలీసు కాగితమే కావాలి, కాకపోతే వేరే రకంది. అతను గుడివాడ నుంచి వచ్చాడు. మెడలో టై, జేబులో పేజర్ ఉండేవి. ప్రాసెస్ అనే మాటని దేవుడి పేరులా పలికేవాడు.

"ఇన్సూరెన్స్ వాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ అడుగుతున్నారయ్యా. స్టేషన్‌కి వెళ్లి ఏదో ఒకటి రాయించుకురా. చెట్టు మాత్రం రానివ్వకు."

"చెట్టే గుద్దింది సార్."

"నిజమేనయ్యా, నేను కాదన్నానా? కానీ చెట్టు అంటే డ్రైవరు తాగి గుద్దాడనుకుంటారు. ఫైల్ క్లీన్‌గా ఉండాలి. అర్థమైందా?"

పోలీసు స్టేషన్ హైవే పక్కన, రేకుల కప్పు కింద ఉంది. ఆవరణలో కేసులు తేలని కార్లూ స్కూటర్లూ ఒకదాన్నొకటి ఆనుకుని తుప్పు పడుతున్నాయి. ఒక కారు సీటులోంచి జిల్లేడు మొక్క మొలిచి, కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు చూస్తోంది. ఆ చుట్టుపక్కల నిజంగా నాటుకున్న చెట్టు అదొక్కటే.

లోపల హెడ్ కానిస్టేబుల్ నరేందర్ రైటర్‌గా ఉండేవాడు. ఫిర్యాదులూ పంచనామాలూ అన్నీ అతని చేతి మీదే. ఎస్సై సంతకం మాత్రం పెడతాడు, లోకాన్ని సృష్టించేది నరేందర్. చెడ్డవాడు కాదు. ఐలయ్యని కూర్చోమని, తెల్లకాగితాలు తెచ్చావా అని అడిగి, కలం తీశాడు.

"ఏం గుద్దింది?"

"చెట్టు సార్."

"నువ్వు పోయి చెట్టును గుద్దినవ్. గట్ల చెప్పు."

"లే సార్. గదే వచ్చి గుద్దింది. లారీలకెల్లి పడ్డది. హైటెక్ సిటీ కాడ పెట్టిన చెట్టు."

నరేందర్ కలానికి మూత పెట్టాడు. లేచి వెళ్లి, ఎస్సై గది తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"పెట్టిన చెట్టు అనకు. నాటిన చెట్టు."

"గోనె సంచిల ఉన్నది సార్, నా కండ్లతోని సూసిన."

"నాటిన చెట్టయ్యా. పేపర్ల పడ్డది. పెద్ద పెద్ద సార్లు పక్కన నిలవడి ఫోటో దిగిండ్రు. నాటిన చెట్టు లింగంపల్లి దాక ఎట్లొస్తది? నడుసుకుంట వస్తదా?"

"లారీల వచ్చింది."

"లారీ లేదు."

"మరి చెట్టు?"

"చెట్టున్నది. నాటిన కాడనే ఉన్నది."

"పొద్దుగాల ఆ తొవ్వనే వచ్చిన సార్. ఆడ రాళ్లే ఉన్నయ్."

"రాళ్ల సంగతి నన్నడగకు."

నరేందర్ దయతలచి, ఉడిపి హోటల్లో సర్వరు టిఫిన్లు వల్లించినట్టు వల్లించాడు.

"బర్రె అడ్డమొచ్చిందని రాయాల్నా? కుక్క? సైకిలోడు? టైరు పగిలింది? కండ్లల్ల దుమ్ము పడ్డది? నీ ఇష్టం, ఏదన్న తీస్కో. మంచిగ నడిచేదైతే గుర్తుతెలియని వాహనం. ఎదురుంగొచ్చి గుద్ది, ఆపకుంట పోయింది. ఎవ్వలికి తిప్పలుండదు."

ఆ స్టేషన్ కాగితాల్లో గుర్తుతెలియని వాహనం ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. దానికి రంగు లేదు, నంబరు లేదు, డ్రైవరు లేడు. ఎండలో వానలో ఒంటరిగా ఆ రోడ్డంతా తిరిగి, కనిపించినవాళ్లనల్లా గుద్ది, ఏ పెట్రోలు బంకులోనూ ఆగకుండా చీకట్లోకి పోతుంది. అంత నమ్మకంగా పనిచేసే వాహనం ఆ జిల్లాలో ఇంకొకటి లేదు.

"గుర్తు తెల్వకపోవుడేంది సార్?" అన్నాడు ఐలయ్య. "నేను గుర్తువట్టిన గద. చెట్టు."

"ఎందుకయ్యా గింత జిద్దు? నీకు చెట్టుతోని ఏం పని?"

ఐలయ్య సంగతి చెప్పాడు. ఒట్టు గురించి, స్పిరిటు గురించి, జీడిమెట్ల గురించి. నరేందర్ నిజంగానే నొచ్చుకున్నాడు. టీ తెప్పించాడు.

"నీ పెండ్లాం రావాల్నని నేను చెట్టు రాసిననుకో. నా పెండ్లాం నా ట్రాన్స్‌ఫర్ ఎంబడి అడివిలకు రావాలె. నువ్వే చెప్పు, ఎట్ల చెయ్యాలె?"

ఐలయ్య టీ తాగి, సంతకం పెట్టకుండా వచ్చేశాడు.

రెండోసారి వెళ్లినా అంతే. కాగితం లేదని రవికిరణ్ కసిరాడు. "ఒక్క సంతకానికి ఇన్ని రోజులా? నీ వల్ల ప్రాసెస్ మొత్తం ఆగిపోయిందయ్యా." ఐలయ్య తలకట్టు మాసిపోయింది. ఇంట్లో పొయ్యి చల్లగా పడుంది. ఎసరు పెట్టి బియ్యం వెయ్యడం మరిచిపోయి కూర్చునేవాడు. కాంపౌండు మీదుగా వస్తుంటే పాత మిత్రులు పిలిచారు. ఎటూ తాగావనే అంటున్నారు కదా, ఆ పేరన్నా దక్కించుకోమన్నారు. అతను ఆగలేదు. బస్సెక్కి జీడిమెట్ల వెళ్లాడు.

జీడిమెట్లలో సాయంత్రం రంగు ఆ రోజు ఏ కంపెనీ ఏం వండుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ రోజు ఆకాశం పసుపు. మందుల వాసన గొంతులో దిగబడుతోంది. చంద్రమ్మ ఇంటి అరుగు మీద రుక్కమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"కాయిదం తెచ్చినవా?"

"రాస్తలేరు."

"మరెందుకొచ్చినవ్?"

"నువ్వే వచ్చి అడుగు. నేనడిగితే చెట్టే లేదంటున్నరు."

"లేనిదాన్ని లేదనక ఏమంటరు?"

లోపలి నుంచి చంద్రమ్మ వచ్చింది. అక్క మొగుడంటే ఆమెకి జాలీ ఉంది, అక్క తన ఇంట్లో నుంచి కదలాలన్న తొందరా ఉంది.

"బావా, ఎందుకీ పరేషాన్? జరంత తాగిన అని ఒప్పుకోరాదు? అక్క నాలుగు తిట్టి వస్తది. అయిపాయె."

రుక్కమ్మ గింజ తీస్తున్న చెయ్యి ఆగింది. ఆమె కూడా అదే కోరుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఒక్క అబద్ధం చాలు. రైలు టికెట్టంత చిన్నది.

"తాగలే," అన్నాడు ఐలయ్య. "తాగుంటే గింత సాదాగ చెప్తనా చంద్రమ్మా? లారీలకెల్లి చెట్టు పడ్డది, గుద్దింది. గింతేనా? తాగుంటే ఆ చెట్టుతోని మాట్లాడిస్తుంటి. దానికి పెండ్లి చేస్తుంటి."

చంద్రమ్మ నవ్వింది. రుక్కమ్మ నవ్వలేదు. చింతపండు పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"రేపు పోదాం. ఆ పోలీసాయన నోటితోని వింట."

మర్నాడు స్టేషన్లో రుక్కమ్మ బల్ల ముందు నిలబడి, నమస్తే కూడా పెట్టకుండా అడిగింది: "సారూ, మా ఆయన్ని చెట్టు గుద్దిందా, లేదా?"

నరేందర్ చూపు ఎస్సై గది వైపు పరుగెత్తింది. "మెల్లగ అమ్మా. చెట్టు మాట ఎత్తకు."

"గుద్దకుంటే గుద్దలేదని చెప్పు. గంతే గద."

తలుపు తెరుచుకుంది. ఎస్సై కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. యూనిఫాం ఇంకా మెరుస్తోంది.

"ఏంది లొల్లి?"

"ఏం లేదు సార్," అని నరేందర్ లేచాడు. "గుర్తుతెలియని వాహనం కేసు."

"కాదు సారు," అంది రుక్కమ్మ. "చెట్టు కేసు."

స్టేషన్లో ఉన్న నలుగురైదుగురు పోలీసులూ ఒక్కసారిగా తమ ముందున్న కాగితాల్లోకి తలలు దించారు. ఎస్సై మొహంలో నెత్తురు తగ్గింది.

"ఎవరు పంపిండ్రు మిమ్మల్ని? పేపరోళ్లా?"

"మమ్మల్నెవరు పంపుతరు? నేనీయన పెండ్లాన్ని."

"సూడమ్మా. ఆ చెట్లు యాడికి పోలే. మల్ల చెట్టు పేరెత్తితే ఇద్దర్ని లోపలేస్త." అంతలోనే గొంతు మెత్తబడింది. మెత్తబడటమే ఇంకా భయంగా ఉంది. "తాగుబోతు మాట పట్టుకొని తిరుగుతవా? తాగి వాగుతున్నడు నీ మొగుడు."

"తాగిండా సారు?"

"తాగిండు."

"మంచిది. గదే రాసియ్యుండ్రి. తాగి పోయి చెట్టును గుద్దిండని."

"చెట్టు రాయొద్దని చెప్తున్న గద!" ఎస్సై చెయ్యి బల్ల మీద పడింది. "ఏ చెట్టు, ఎక్కడి చెట్టని పైకెల్లి అడుగుతరు. కుక్కను రాయి, బర్రెను రాయి, ఏనుగును రాయి నరేందర్, చెట్టొద్దు!"

రుక్కమ్మ గదంతా ఒకసారి చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి ఇలాంటి మాట ఏదన్నా అంటే ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వేది. ఇక్కడ ఒక్కడూ నవ్వడం లేదు. ఎస్సై కొత్త యూనిఫాం చంకల్లో తడిసి నల్లబడింది. లేని చెట్టు కోసం ఎవరికీ ఇంత చెమట పట్టదు.

ఆమె ఐలయ్య వైపు తిరిగింది. "సంతకం పెట్టు."

"చెట్టని లేదు గదే అండ్ల."

"లేకుంటే లేకపాయె. నాకు ఇగ కాయిదం అక్కర లేదు."

నరేందర్ గబగబా రాశాడు. ఎదురుగా అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చిన గుర్తుతెలియని వాహనం అంబాసిడర్ కారుని ఢీకొని, ఆగకుండా వెళ్లిపోయింది. డ్రైవరుకి స్వల్ప గాయాలయ్యాయి. ఐలయ్య వంకర అక్షరాలతో సంతకం చేశాడు. ఆ నకలు చూసి రవికిరణ్, ఇంత క్లీన్‌గా ఉంటుందనుకోలేదని మెచ్చుకుని ప్లాస్టిక్ కవర్లో దాచాడు. గుర్తుతెలియని వాహనం ఖాతాలో ఇంకొక గుద్దు చేరింది.

స్టేషన్ బయట బస్సు కోసం నిలబడ్డారు. రోడ్డవతల ఎండ మండుతోంది. బస్సొచ్చింది, ఎక్కారు. కిటికీ పక్క సీటు రుక్కమ్మ తీసుకుంది. చాలాసేపటికి ఐలయ్య అడిగాడు.

"నమ్మినవా?"

"నిన్నెవ్వరు నమ్మిండ్రు? ఎస్సై చెమటను నమ్మిన."

కండక్టరు వచ్చాడు. రుక్కమ్మ కొంగుముడి విప్పింది.

"ఇద్దరికి. నల్లగండ్ల," అంది.